వాట్సాప్ సందేశానికి తాళం.. చెవి ఎవరి వద్ద?

దారిలో భద్రం.. ఫోన్ చేతికి చిక్కితే బహిరంగం
పోలీసుల అధికారాలు, పౌరుల హక్కులపై తేలని వివాదం

గద్వాల: వాట్సాప్‌లో ఇద్దరు మాట్లాడుకునే మాటలు మూడో మనిషికి తెలియవని, తమకు సైతం అవి కనిపించవని ఆ సంస్థ ఏళ్లుగా చెబుతున్నది. ఏదైనా పెద్ద కేసు నమోదైతే చాలు, నిందితుల వాట్సాప్ సంభాషణలు అభియోగపత్రంలో పేజీలకు పేజీలుగా ప్రత్యక్షమవుతున్నాయి. కొన్ని సందర్భాల్లో కోర్టు కంటే ముందే టీవీ చానళ్లకు చేరుతున్నాయి. ఇందులో ఏది నిజం? పోలీసులు తలచుకుంటే ఎవరి సందేశమైనా ఠాణాలో కూర్చుని చదువుకోగలరా? మండల కేంద్రాల్లోని సెల్‌ఫోన్ దుకాణాల్లోనూ, పంచాయతీ కార్యాలయాల అరుగుల మీదా తరచూ వినవచ్చే ప్రశ్న ఇది. గ్రామ గ్రూపుకు అడ్మిన్‌గా ఉన్న యువకుడు మొదలుకొని, ఎరువుల దుకాణం వద్ద వరుసలో నిలుచున్న రైతు వరకు అందరి బతుకూ ఫోన్‌లోనే ఉన్నందున ఈ సందేహాన్ని తేలికగా తీసివేయడానికి వీలులేదు.

సంస్థ చెప్పేదీ నిజమే, అభియోగపత్రంలో కనిపించేదీ నిజమే. తాళం వేసినది దారికి మాత్రమే. సందేశం గమ్యం చేరి ఫోన్ తెరపై పరుచుకున్నాక దానికి కాపలా ఆ ఫోన్ యజమాని పెట్టుకున్న ప్యాటర్నో, పిన్ నంబరో తప్ప మరొకటి లేదు.

హుండీని చూస్తే బోధపడుతుంది

పూర్వం ఉత్తరాలు రాసుకునే రోజుల్లో పోస్టుకార్డును దారిలో ఎవరైనా చదివేవారు. కవరు అంటించి పంపితే కొంత భద్రత ఉండేది. అయితే ప్రభుత్వం ఉత్తర్వు ఇస్తే తపాలా శాఖ ఆ కవరునూ తెరవవలసిందే. ఈ అధికారం 1898 నాటి తపాలా చట్టంలో ఉన్నది, దాని స్థానంలో వచ్చిన 2023 చట్టంలోనూ ఉన్నది. టెలిఫోన్ విషయమూ అంతే. ఎక్స్ఛేంజీ గుండా మాట వెళ్తుంది గనుక అక్కడ చెవి ఆనించి వినవచ్చు. ఎస్ఎంఎస్ సైతం టెలికాం కంపెనీ కళ్ల ముందు నుంచే సాగుతుంది.

వాట్సాప్ ఈ పద్ధతిని తలకిందులు చేసింది. ఈ కొస నుంచి ఆ కొస వరకు సందేశాన్ని సంకేతాల్లోకి మార్చి పంపే ‘ఎండ్ టు ఎండ్ ఎన్‌క్రిప్షన్’ విధానాన్ని 2016 ఏప్రిల్ నాటికి తన వినియోగదారులందరికీ వర్తింపజేసింది. అలంపురం జోగులాంబ ఆలయంలో గానీ, మరే దేవస్థానంలో గానీ హుండీని గమనించినవారికి దీని కిటుకు సులభంగా బోధపడుతుంది. హుండీలో కానుక వేయడానికి ఎవరి అనుమతీ అక్కరలేదు. పైనున్న చీలికలోంచి ఎవరైనా వేయవచ్చు. వేశాక, వేసిన భక్తుడు కూడా దానిని తిరిగి తీయలేడు. చెవి ఉన్నవారే తెరవగలరు. వాట్సాప్ ప్రతి ఫోన్‌లోనూ ఇటువంటి హుండీని ఒకటి ఏర్పాటు చేస్తుంది. దాని చీలిక లోకానికంతటికీ తెరిచి ఉంటుంది. చెవి మాత్రం ఆ ఫోన్‌లోనే పుట్టి అక్కడే ఉండిపోతుంది. నడుమ ఉన్న కంపెనీ ఆ హుండీని మోసుకెళ్లే కూలి వంటిది. బరువు తెలుస్తుంది, ఎక్కడి నుంచి ఎక్కడికో తెలుస్తుంది, లోపల ఏమున్నదో తెలియదు.

ఒక తేడా ఉన్నది. దేవాలయ హుండీకి ఒకే తాళం ఏళ్ల తరబడి ఉంటుంది. ఇక్కడ ఒక్కో సందేశానికి తాళం మారుతూ పోతుంది. నేడు ఎవరికైనా ఒక చెవి దొరికినా, నిన్న దారిలో పట్టి దాచుకున్న సందేశాలు దానితో తెరుచుకోవు. సంభాషణలో అవతలి వ్యక్తి పేరుపై నొక్కి చూస్తే ‘ఎన్‌క్రిప్షన్’ అన్నచోట 60 అంకెల సంఖ్య కనిపిస్తుంది. ఇద్దరి ఫోన్లలోనూ ఆ సంఖ్య ఒకటే అయితే నడుమ ఎవరూ దూరలేదని గ్రహించవచ్చు. దీనిని ఎన్నడూ తెరిచి చూడనివారే అధికం.

టెలిగ్రామ్ విషయంలో చాలామందికి భ్రమ ఉన్నది. అందులోని సాధారణ సంభాషణలకు, గ్రూపులకు ఈ తరహా తాళం లేదు. ‘సీక్రెట్ చాట్’ అని విడిగా ఎంచుకుంటేనే ఉంటుంది. ఆ సంస్థ వ్యవస్థాపకుడు పావెల్ దురోవ్‌ను 2024 ఆగస్టులో ఫ్రాన్స్ పోలీసులు అరెస్టు చేశారు. మరుసటి నెలలోనే, చట్టబద్ధంగా అడిగితే నేరానికి పాల్పడినవారి ఫోన్ నంబరు, ఐపీ చిరునామా ఇస్తామని టెలిగ్రామ్ తన నిబంధనలను సవరించుకున్నది. గంజాయి, నకిలీ పెట్టుబడుల ముఠాలు టెలిగ్రామ్‌ను దుర్భేద్యమైన కోటగా భావించడం వెనుక సాంకేతిక ఆధారం కంటే ప్రచారమే ఎక్కువ.

కంపెనీ వద్ద దొరికేది ఇంతే

స్టేషన్ హౌస్ ఆఫీసర్ ఏదైనా కేసు దర్యాప్తులో భాగంగా భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 94వ సెక్షన్ కింద సమాచారం కోరుతూ నోటీసు ఇవ్వవచ్చు. పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో ఇది 91వ సెక్షన్. 2024 జులై 1 నుంచి అమలులోకి వచ్చిన కొత్త చట్టంలో ఎలక్ట్రానిక్ సంభాషణలు, సమాచార పరికరాలు అన్న మాటలను స్పష్టంగా చేర్చారు. ఈ నోటీసు వాట్సాప్‌కు వెళ్లినా సందేశాల పాఠం రాదు. ఆ నంబరుపై ఖాతా ఎప్పుడు తెరిచారు, చివరిసారి ఎప్పుడు వాడారు, ఏ ఐపీ చిరునామా నుంచి వాడారు, ప్రొఫైల్ చిత్రం ఏమిటి, ఏయే గ్రూపులలో ఉన్నారు వంటి వివరాలు రావచ్చు. అందని సందేశాలను కంపెనీ 30 రోజుల వరకు తన సర్వర్లలో ఉంచుతుంది. అవి కూడా తాళం వేసిన స్థితిలోనే ఉంటాయి.

ఇది స్వల్పమేమీ కాదు. సైబర్ మోసాల కేసుల్లో నిందితుడు ఏమి రాశాడన్నది బాధితుడి ఫోన్‌లోనే ఉంటుంది. పోలీసులకు కావలసింది ఆ రాసినవాడు ఎవడు, ఎక్కడ ఉన్నాడు అన్నదే. అందుకు ఐపీ చిరునామా, సిమ్ వివరాలు, డబ్బు చేరిన బ్యాంకు ఖాతా అక్కరకు వస్తాయి. 1930 నంబరుకు ఫోన్ చేసేవారిని సంభాషణను తొలగించవద్దని చెప్పేది ఇందుకే. అన్ని సంస్థల వద్దా ఇంత సమాచారం కూడా ఉండదు. 2016లో అమెరికా న్యాయస్థానం తాఖీదు పంపినప్పుడు సిగ్నల్ సంస్థ ఇవ్వగలిగింది రెండే వివరాలు. ఖాతా తెరిచిన సమయం ఒకటి, చివరిసారి అనుసంధానమైన తేదీ మరొకటి. దాచుకోనిది ఇవ్వడం ఎవరి తరమూ కాదు.

సందేశాల పాఠం కంపెనీకి చేరే మార్గం ఒకటి ఉన్నది. ఎవరైనా ‘రిపోర్ట్’ మీట నొక్కి ఫిర్యాదు చేస్తే ఆ సంభాషణలోని చివరి ఐదు సందేశాలు వాట్సాప్‌కు వెళ్తాయి. అక్కడ తాళం తీసినవాడు గ్రహీతే.

ఉన్నతస్థాయిలో మరో అధికారం ఉన్నది. ఐటీ చట్టం 69వ సెక్షన్ ప్రకారం కేంద్ర, రాష్ట్ర హోం శాఖ కార్యదర్శుల ఉత్తర్వుతో ఏ కంప్యూటర్‌లోని సమాచారాన్నైనా మధ్యలో పట్టుకుని సంకేతాలను విప్పించవచ్చు. సహకరించనివారికి ఏడేళ్ల వరకు జైలు శిక్ష విధించవచ్చు. చెవి లేనివాడిని తాళం తీయమని ఉత్తర్వు ఇస్తే ఏమవుతుందన్న చోటే అసలు పేచీ మొదలైంది.

సినిమా కేసు నుంచి ఊరి కేసు వరకు

2020లో నటుడు సుశాంత్ సింగ్ రాజ్‌పుత్ మృతి అనంతరం జరిగిన దర్యాప్తులో, ఏళ్ల కిందటి వాట్సాప్ సంభాషణలు చానళ్లలో వెల్లువెత్తాయి. తాళం బద్దలైందని దేశమంతా అనుకున్నది. తమ వద్ద సందేశాలు లేవని, ఫోన్‌లో నిల్వ ఉండే సమాచారానికి గట్టి పాస్‌వర్డ్ పెట్టుకోవడం వినియోగదారుల చేతిలో ఉన్నదని వాట్సాప్ అప్పట్లో వివరణ ఇచ్చుకున్నది. ఫోన్లు దర్యాప్తు సంస్థల చేతికి చేరాక ఏ ఎన్‌క్రిప్షనూ అడ్డురాదు. హుండీ తెరిచి సొమ్మును మండపంలో పరిచి లెక్కపెట్టేటప్పుడు అక్కడున్నవారందరికీ అది కనిపించినట్లే.

స్వాధీనం చేసుకున్న ఫోన్‌ను ఫోరెన్సిక్ ప్రయోగశాలకు పంపుతారు. ప్రత్యేక పరికరాలతో ఫోన్‌లోని సమాచారానికి నకలు తీస్తారు. ఇజ్రాయెల్‌కు చెందిన సెలిబ్రైట్ సంస్థ పరికరాలు ఇందుకు ప్రపంచమంతటా పేరుపడ్డాయి. తొలగించిన సందేశాలు సైతం కొన్ని సందర్భాల్లో దొరుకుతాయి. ఒక ఫోన్‌లో చెరిపివేసినా అవతలి వ్యక్తి ఫోన్‌లో అవి భద్రంగా ఉండనే ఉంటాయి. గూగుల్ డ్రైవ్, ఐక్లౌడ్‌లలో దాచే బ్యాకప్ మరో దారి. బ్యాకప్‌కు కూడా తాళం వేసుకునే సదుపాయాన్ని వాట్సాప్ 2021 అక్టోబరులో ప్రవేశపెట్టింది గానీ, దానిని ఎవరికివారు ఎంచుకోవాలి. వేరే కంప్యూటర్‌లో తెరిచి మరిచిపోయిన వాట్సాప్ వెబ్ ఇంకో దారి. నెట్ సెంటర్‌కు వెళ్లి ధ్రువపత్రాల ముద్రణ కోసం లాగిన్ అయి, లాగౌట్ చేయకుండా వచ్చేవారు ఇకనైనా ‘లింక్డ్ డివైసెస్’ జాబితా తెరిచి చూసుకోవాలి.

ఖరీదైన మార్గం నిఘా సాఫ్ట్‌వేర్. ఫోన్‌లోకి రహస్యంగా చొరబడి యజమాని చూసేదంతా చూసే పెగాసస్ ఈ కోవలోనిదే. 2019లో వాట్సాప్ కాల్‌లోని లోపం ద్వారా ప్రపంచవ్యాప్తంగా సుమారు 1,400 ఫోన్లను లక్ష్యం చేసుకున్నారని ఆ సంస్థ అమెరికా కోర్టులో దావా వేసింది. మన దేశంలో ఈ వ్యవహారంపై జస్టిస్ ఎన్.వి.రమణ నేతృత్వంలోని సుప్రీంకోర్టు ధర్మాసనం 2021 అక్టోబరులో నిపుణుల కమిటీని వేసింది. పరిశీలించిన 29 ఫోన్లలో ఐదింటిలో హానికర సాఫ్ట్‌వేర్ కనిపించిందని, అది పెగాససేనని నిర్ధారణ కాలేదని, కేంద్రం సహకరించలేదని 2022 ఆగస్టులో కోర్టు వెల్లడించింది.

అన్నింటికంటే చౌకైన మార్గం మనిషే. 2018 మే నెలలో పిల్లలను ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయన్న వదంతులు తెలుగు రాష్ట్రాల్లో వ్యాపించి అమాయకులు దాడులకు గురయ్యారు. హైదరాబాద్ చాంద్రాయణగుట్టలో ఒక ట్రాన్స్‌జెండర్ మహిళను గుంపు కొట్టి చంపింది. ఆ సమయంలో జోగులాంబ గద్వాల జిల్లా ఎస్పీగా ఉన్న రెమా రాజేశ్వరి గ్రామానికో పోలీసును కేటాయించారు. డప్పు కళాకారులతో ఊరూరా పాటలు పాడించి వదంతులను ఖండింపజేశారు. గ్రామాల వాట్సాప్ గ్రూపులలో పోలీసులు సభ్యులుగా చేరారు. ఏ తాళమూ పగలగొట్టకుండానే గ్రూపులో ఏమి నడుస్తున్నదో తెలుసుకున్నారు. రెండు వందల మంది ఉన్న గ్రూపులో రాసిన మాట రహస్యమనుకోవడం సంతలో నిలబడి గుసగుసలాడటమే.

గ్రూపు అడ్మిన్ల భయం గురించి ఇక్కడే చెప్పుకోవాలి. సభ్యుడు పెట్టిన అభ్యంతరకర సందేశానికి అడ్మిన్‌ను నేరస్థుడిగా చూడరాదని బొంబాయి హైకోర్టు నాగ్‌పూర్ ధర్మాసనం 2021లో, కేరళ హైకోర్టు 2022 ఫిబ్రవరిలో తీర్పులిచ్చాయి. ముందుగా కూడబలుక్కున్నట్లు ఆధారాలుంటే సంగతి వేరు.

‘మొదట పంపినదెవరు?’

2018 వదంతులే ఎన్‌క్రిప్షన్‌పై ప్రభుత్వ పోరుకు మూలమయ్యాయి. అప్పట్లో తిరిగిన ఒక వీడియోలో మోటారు సైకిల్‌పై వచ్చినవారు బాలుడిని ఎత్తుకుపోతారు. నిజానికి అది కరాచీలో పిల్లల భద్రతపై అవగాహన కోసం తీసిన చిత్రం. చివరలో బాలుడిని తిరిగి దింపి సందేశం ఇచ్చే భాగాన్ని ఎవరో కత్తిరించారు. అదే ఏడాది జులై 1న మహారాష్ట్ర ధూలే జిల్లా రైన్‌పాడాలో ఐదుగురిని గుంపు కొట్టి చంపింది. కత్తిరించినవాడెవడు, ముందుగా పంపినవాడెవడు అన్న ప్రశ్నకు సమాధానం లేకపోయింది. ఫార్వర్డ్ సందేశాలను మన దేశంలో ఒకేసారి ఐదుగురికి మించి పంపకుండా వాట్సాప్ పరిమితి విధించింది. ప్రభుత్వానికి అది చాలలేదు.

2021 ఫిబ్రవరి 25న వెలువడిన ఐటీ నిబంధనలలో, 50 లక్షలకు మించి వినియోగదారులున్న సందేశ సేవల సంస్థలు ఒక సందేశాన్ని మొట్టమొదట పంపిన వ్యక్తిని గుర్తించగలిగి ఉండాలని కేంద్రం ఆదేశించింది. దేశ సార్వభౌమత్వం, శాంతిభద్రతలు, అత్యాచారం, చిన్నారులపై లైంగిక దాడుల చిత్రాలు వంటి తీవ్ర నేరాలకే దీనిని పరిమితం చేసింది. కోర్టు గానీ, 69వ సెక్షన్ కింద అధికారం గలవారు గానీ ఉత్తర్వు ఇవ్వాలి. ఇతర మార్గాలు ఉన్నప్పుడు ఈ మార్గం పట్టరాదు. సందేశ పాఠం అడగరు, పేరు మాత్రమే అడుగుతారు. చదివితే సబబుగానే తోస్తుంది. గోప్యత ప్రాథమిక హక్కేనని, అయితే ఏ హక్కుకైనా సహేతుకమైన పరిమితులుంటాయని కేంద్రం వాదన.

అదే ఏడాది మే నెలలో వాట్సాప్ ఢిల్లీ హైకోర్టును ఆశ్రయించింది. ఏ సందేశం రేపు నేరమవుతుందో ముందుగా తెలియదు గనుక, కోట్లాది మంది పంపే ప్రతి ‘శుభోదయం’ సందేశానికీ గుర్తు వేసి ఏళ్ల తరబడి లెక్క రాసుకోవలసి వస్తుందన్నది ఆ సంస్థ అభ్యంతరం. 2024 ఏప్రిల్‌లో విచారణ సందర్భంగా, ఎన్‌క్రిప్షన్‌ను ఛేదించమంటే దేశంలో వాట్సాప్ ఉండదని దాని న్యాయవాది ధర్మాసనానికి తెలిపారు.

సంస్థ తన వ్యాపారం చూసుకోవచ్చు. అంతమాత్రాన ఆ అభ్యంతరంలో పస లేదనలేము. అంతకుముందే ఈ వాదన మద్రాసు హైకోర్టు ముందుకు వచ్చింది. ప్రతి సందేశానికీ మొదట పంపినవారి వివరాన్ని జతచేయవచ్చని ఐఐటీ మద్రాసు ఆచార్యుడు వి.కామకోటి సూచించారు. నేరగాళ్లు ఆ గుర్తును మార్చివేయగలరని, అమాయకులపైకి నెట్టగలరని ఐఐటీ బొంబాయి ఆచార్యుడు మనోజ్ ప్రభాకరన్ బదులిచ్చారు. సందేశానికి ‘హ్యాష్’ అనే అంకెల వేలిముద్ర వేస్తే చాలునని కొందరు చెప్పారు. ఒక అక్షరం మార్చినా, వీడియోను అంగుళం కత్తిరించినా ఆ వేలిముద్ర మారిపోతుంది.

కరాచీ వీడియోకే ఈ నిబంధనను వర్తింపజేసి చూస్తే చిక్కు తెలుస్తుంది. మొదట పంపినవాడు విదేశంలో ఉంటే, మన దేశంలో మొదట పంపినవాడినే మూలకర్తగా భావించాలని నిబంధన చెబుతున్నది. ఫేస్‌బుక్‌లో చూసిన వీడియోను భయపడి తన ఊరి గ్రూపులో పెట్టిన తల్లి ఆ లెక్కన మూలకర్త కావచ్చు. కత్తెర పట్టినవాడు ఎక్కడో సురక్షితంగా ఉంటాడు.

పాస్‌వర్డ్ చెప్పి తీరాలా?

జిల్లా ప్రజలకు ఢిల్లీ వివాదం కంటే దగ్గరి ప్రశ్న ఇది. 2021 అక్టోబరులో హైదరాబాద్ వీధుల్లో పోలీసులు యువకులను ఆపి, ఫోన్లు తీసుకుని వాట్సాప్‌లో ‘గంజాయి’ అన్న మాట కోసం వెతికిన దృశ్యాలు బయటికి వచ్చాయి. బలవంతం చేయడం లేదని, ప్రజలే సహకరిస్తున్నారని పోలీసు అధికారులు సమర్థించుకున్నారు. లాఠీ చేతబట్టిన మనిషి అడిగినప్పుడు కాదనగల యువకులు ఎందరుంటారో ఎవరికి తెలియదు! 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం గోప్యతను ప్రాథమిక హక్కుగా ప్రకటించింది. సహేతుకమైన అనుమానం లేకుండా దారిన పోయేవాడి ఫోన్ తెరిపించడం ఆ తీర్పుకు విరుద్ధమన్నది న్యాయవాదుల మాట.

కేసు నమోదై, ఫోన్‌ను స్వాధీనం చేసుకున్న తరువాత పరిస్థితి వేరు. తనకు వ్యతిరేకంగా తానే సాక్ష్యం చెప్పాలని ఏ నిందితుడినీ బలవంతపెట్టరాదని రాజ్యాంగం 20(3) అధికరణం చెబుతున్నది. వేలిముద్రలు, చేతిరాత ఇవ్వడం సాక్ష్యం కిందికి రాదని 1961లో సుప్రీంకోర్టు తేల్చింది. నార్కో పరీక్షలు బలవంతంగా జరపరాదని 2010లో సెల్వి కేసులో చెప్పింది. ఫోన్ పాస్‌వర్డ్ వేలిముద్ర వంటిదా, మనసులోని మాట వంటిదా? వేలిముద్ర వంటిదేనని కర్ణాటక హైకోర్టు 2021 మార్చిలో వీరేంద్ర ఖన్నా కేసులో భావించింది. మనసులోని మాటేనని, చెప్పాలని నిర్బంధించరాదని ఢిల్లీలోని ప్రత్యేక సీబీఐ కోర్టు 2022 అక్టోబరులో అభిప్రాయపడింది. ఆ కోర్టే వేలు ఆనించి తెరిపించడాన్ని మాత్రం తప్పుపట్టలేదు. అంకెల పిన్‌కు ఒక న్యాయం, వేలిముద్ర తాళానికి మరో న్యాయం అన్నమాట.

పాత్రికేయుల ఫోన్ల స్వాధీనంపై వచ్చిన పిటిషన్‌ను విచారిస్తూ, ఇందుకు మార్గదర్శకాలు ఉండాలని సుప్రీంకోర్టు 2023 నవంబరులో కేంద్రానికి స్పష్టం చేసింది. అవి రూపొందేవరకు 2020 నాటి సీబీఐ మాన్యువల్‌ను కేంద్ర సంస్థలు పాటిస్తాయని మరుసటి నెలలో కేంద్రం తెలిపింది. రాష్ట్ర పోలీసులకు ఆ హామీ వర్తించదు. పల్లెల్లో ఫోన్లు తీసుకునేది వారే.

దొడ్డిదారి ఉంటే దొంగకూ తెలుస్తుంది

పోలీసుల ఇబ్బంది కల్పితమేమీ కాదు. చిన్నారులపై లైంగిక దాడుల చిత్రాల సమాచారాన్ని అమెరికాలోని ఎన్‌సీఎంఈసీ సంస్థ నుంచి పొందేందుకు మన జాతీయ నేర గణాంకాల సంస్థ 2019లో ఒప్పందం చేసుకున్నది. ఆ సమాచారం ఆధారంగా తెలుగు రాష్ట్రాల్లోనూ కేసులు నమోదయ్యాయి. అటువంటి చిత్రాలను సంస్థలు గుర్తించగలిగేది తాళం లేనిచోటే. తాళం పెరిగే కొద్దీ ఆ ఆధారాలు తగ్గుతాయన్న దర్యాప్తు అధికారుల ఆందోళనకు ఎన్‌క్రిప్షన్‌ను సమర్థించేవారి వద్ద సంతృప్తికరమైన సమాధానం లేదు.

అయితే పోలీసుల కోసం ప్రత్యేకంగా ఒక తలుపు పెడితే దాని గుండా ఎవరు వస్తారన్నది మరో ప్రశ్న. 2004, 2005లలో గ్రీసు దేశంలో వోడాఫోన్ ఎక్స్ఛేంజీల్లో చట్టబద్ధ నిఘా కోసం పెట్టిన ఏర్పాటునే గుర్తు తెలియనివారు వాడుకుని, ప్రధానమంత్రి సహా సుమారు 100 మంది ఫోన్లు విన్నారు. 2024లో చైనా హ్యాకర్లు అమెరికా టెలికాం కంపెనీలలోని ఇటువంటి ఏర్పాట్లలోకే చొరబడ్డారు. దానితో, ఎన్‌క్రిప్షన్ ఉన్న యాప్‌లనే వాడుకోవాలని అమెరికా అధికారులే ప్రజలకు సలహా ఇవ్వవలసి వచ్చింది.

అంత దూరం పోనక్కరలేదు. మావోయిస్టుల కదలికలు కనిపెట్టేందుకు ఏర్పడిన తెలంగాణ స్పెషల్ ఇంటెలిజెన్స్ బ్యూరో యంత్రాంగాన్ని ప్రతిపక్ష నాయకులు, వ్యాపారుల ఫోన్లు వినడానికి మళ్లించారని, ఆపై హార్డ్ డిస్కులను ధ్వంసం చేశారని 2024 మార్చిలో కేసు నమోదైంది. సస్పెండైన డీఎస్పీతో మొదలై పలువురు పోలీసు అధికారులు అరెస్టయ్యారు. ఇవి ఆరోపణలు, నిజానిజాలు తేల్చవలసింది న్యాయస్థానమే. ఫోన్ ట్యాపింగ్‌కు నియమాలు లేక ఇది జరగలేదు. 1996 నాటి సుప్రీంకోర్టు తీర్పు ఉన్నది, హోం కార్యదర్శి ఉత్తర్వు, సమీక్ష కమిటీ, 60 రోజుల గడువు అన్నీ కాగితంపై ఉన్నాయి. ఇన్ని ఉండగానే ఈ ఆరోపణలు వచ్చాయి. మాటలకున్న తలుపును కాపాడలేకపోయారన్న అభియోగం ఎదుర్కొంటున్న వ్యవస్థ, సందేశాలకు కూడా తలుపు కావాలంటున్నది.

ఫోన్ తీసుకుంటే అడగవలసినవి

దర్యాప్తులో ఫోన్‌ను స్వాధీనం చేసుకునే అధికారం పోలీసులకు ఉన్నది. అదే చట్టం వారిపై కొన్ని బాధ్యతలనూ పెట్టింది. సోదా, స్వాధీనం తతంగాన్నంతా వీడియో తీయాలని, దానిని ఆలస్యం లేకుండా మేజిస్ట్రేటుకు పంపాలని సురక్షా సంహిత 105వ సెక్షన్ నిర్దేశిస్తున్నది. వారంటు లేకుండా సోదా చేస్తే అందుకు కారణాలు రాసి, 48 గంటల్లోగా మేజిస్ట్రేటుకు నకలు పంపాలని 185వ సెక్షన్ చెబుతున్నది. పంచనామాలో ఫోన్ తయారీ, ఐఎంఈఐ నంబరు, సిమ్ వివరాలు నమోదయ్యాయో లేదో సంతకం చేసేముందు చూసుకోవాలి.

ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి ధ్రువపత్రం తప్పనిసరని 2020లో అర్జున్ పండిత్‌రావ్ కేసులో సుప్రీంకోర్టు పునరుద్ఘాటించింది. కొత్త సాక్ష్య చట్టం 63వ సెక్షన్ మేరకు ఆ పత్రంలో సమాచారపు హ్యాష్ విలువను, నిపుణుడి సంతకాన్ని చూపాలి. నకలు తీసినప్పటి నుంచి కోర్టుకు చేరేవరకు ఒక్క అక్షరమైనా మారలేదని తెలిపేది ఆ విలువే. ఠాణాలో కానిస్టేబుల్ తన ఫోన్‌తో తీసిన తెర ఫొటో దీనికి సాటిరాదు. ఫిర్యాదుదారులు సైతం స్క్రీన్‌షాట్లు ముద్రించి ఇచ్చి, అసలు సందేశాలను చెరిపివేసి, ఆనక చిక్కుల్లో పడుతున్నారు.

ప్రయోగశాల నుంచి నివేదిక వచ్చేందుకు నెలలు పడుతుంది. అంతకాలమూ ఫోన్‌పే, గూగుల్‌పే, బ్యాంకు ఓటీపీలు, ఆధార్ ఓటీపీలు అన్నీ నిలిచిపోతాయి. ఆ నంబరుపై కొత్త సిమ్ కోసం టెలికాం కంపెనీ కేంద్రంలో దరఖాస్తు చేసుకుంటే ఈ ఇబ్బంది కొంత తీరుతుంది. నకలు తీయడం పూర్తయ్యాక ఫోన్‌ను తిరిగి ఇప్పించాలని సురక్షా సంహిత 497, 503 సెక్షన్ల కింద సంబంధిత కోర్టులో అర్జీ వేసుకోవచ్చు. అవసరమైనప్పుడు హాజరుపరుస్తామన్న హామీపత్రంపై తాత్కాలికంగా యజమానికి అప్పగించే అధికారం మేజిస్ట్రేటుకు ఉన్నది. అర్జీతోపాటు కొనుగోలు రసీదు గానీ, ఐఎంఈఐ నంబరు ఉన్న అట్టపెట్టె గానీ జతచేయడం మేలు.